ఒక్క రోజు పని

మా మంచం వీధిలో ఉంది.

వ్యాను మలుపు తిరగ్గానే ముందు కంటపడింది అదే. మా పడగ్గది మంచం, పరుపూ దిళ్ళతో సహా, గేటు పక్కన గోడవారగా వేసి ఉంది. దాని మీద మా అత్తయ్య, ఒళ్ళో చేతులు పెట్టుకుని, రాని బస్సు కోసం కూర్చున్న మనిషిలా కూర్చుని ఉంది. దారినపోయేవాళ్ళు ఆవిణ్ణి చూసి నవ్వాపుకుంటూ పోతున్నారు.

“ఏవండీ,” అన్నాను. “మన మంచం బయటెందుకుంది?”

మా ఆయన స్టీరింగు పట్టుకుని ఆకాశం కేసి చూస్తున్నాడు. ఆస్పత్రి నుంచి ఇంటిదాకా వ్యాను ఎంత నెమ్మదిగా నడిపాడంటే, సైకిలు తొక్కుకుంటూ ఓ ముసలాయన మమ్మల్ని దాటిపోయి, వెనక్కి తిరిగి జాలిగా చూశాడు. నా కుట్లు కదులుతాయని పాపం ఎంత జాగ్రత్తపడుతున్నాడో అని నేను మురిసిపోయాను. డ్రైవింగు స్కూల్లో నలుగురికీ కారు నేర్పేదాన్ని, ఆయన డ్రైవింగుని ఈ జన్మకి మెచ్చుకుంటాననుకోలేదు. ఇవాళ మెచ్చుకున్నాను. అదీ నోరు తెరిచి.

“నాన్నా, చెప్పెయ్,” అంది వెనక సీట్లోంచి మా అమ్మాయి. పొద్దున్నుంచీ నాతో ఆస్పత్రిలో ఉన్నది అదే. తండ్రి ఫోను ఎత్తకపోతే పదే పదే చేసిందీ అదే.

“ఏం లేదే. చిన్న పని పెట్టుకున్నా. నువ్వొచ్చేసరికి ఇల్లు కొత్తగా చేద్దామని... మంచం లోపల పెట్టించే టైము దొరుకుతుందేమో అని కాస్త నిదానంగా వచ్చా. కుర్రాళ్ళు పెట్టలేదు. వెళ్ళిపోయినట్టున్నారు వెధవలు.”

అప్పుడు వ్యాను కిటికీలోంచి వాసన కొట్టింది. పచ్చి రంగు వాసన.

మా ఆయన ఇళ్ళకి రంగులు వేస్తాడు. ఆయన చేతిలో బ్రష్షు ఉంటే గోడ మురిసిపోతుంది, అది నేనే ఒప్పుకుంటాను. కానీ లోకంలో అందరిళ్ళకీ రంగు వేసి సొంతిల్లు మాత్రం పెచ్చులూడేదాకా వదిలేసిన మనిషి, నేను గర్భసంచి తీయించుకునే రోజునే ముహూర్తం పెట్టుకున్నాడన్నమాట.

“సాయంత్రానికి పంపించేస్తామని డాక్టరమ్మ చెప్పలేదూ?”

“చెప్పింది.”

“నర్సు చెప్పలేదూ?”

“చెప్పింది.”

“నేను చెప్పలేదూ?”

“నువ్వూ చెప్పావు. కాదనట్లేదే.” గొంతు తగ్గించాడు. “నేనూ అలాగే చెప్తాగా మరి. ‘ఒక్క రోజు పనండీ, సాయంత్రానికి మీ ఇల్లు మీకప్పజెప్తా’ అని. ఎన్నడైనా అప్పజెప్పానా? వారం పడుతుంది, పది రోజులు పడుతుంది. పని ఒప్పుకునేటప్పుడు ఎవరైనా అంతే చెప్తారు కదా అని...”

“డాక్టరమ్మ కూడా అంతే అనుకున్నారా?”

“గోడకి రంగు వేయడానికే వారం పడితే, పొట్టలోంచి సంచి తీయడానికి ఒక్క పూటా? ఎవరు నమ్ముతారే?”

నాకు నవ్వు ఆగలేదు. నవ్వగానే పొట్ట పట్టేసింది. “అమ్మో, నవ్వించకండి, కుట్లు!” అంటూ ఒళ్ళో ఉన్న దిండుని బొడ్డు మీద అదుముకుని నవ్వుతుంటే కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. ఆయన కంగారుపడి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చేతికి ఇంకా ఆరీ ఆరని రంగు. నా వేళ్ళకంతా అంటుకుంది.

మా అత్తయ్య మంచం మీంచి లేచింది. నేను వ్యాను దిగడం చూసింది. నెమ్మదిగానే అయినా నా కాళ్ళ మీద నేను నడిచి గేటు దాకా రావడం చూసింది. మొహంలో ఏం ఉందో తెలియలేదు. నన్ను దాటి మనవరాలి వైపు తిరిగింది.

“మీ అమ్మని ఎందుకు పంపించేశారో కనుక్కో,” అంది.

మా అత్తయ్య నాతో మాట్లాడి నెల దాటింది. ఆపరేషనుకి రోజు ఖాయం చేసుకుని వచ్చిన సాయంత్రం, ‘నీ ఇష్టం, నాకేం చెప్పకు’ అంది. అంతే. ఆ తరవాత అన్నీ మనవరాలి ద్వారానే. ఒకే టేబులు దగ్గర ఎదురెదురుగా కూర్చుని, ‘మీ అమ్మని ఉప్పు ఇటు జరపమను’ అనేది. నేను జరిపేదాన్ని. ‘చాలని చెప్పు’ అనేది.

అత్తాకోడళ్ళు మాట్లాడుకోకపోతే ఇంటికి శాంతి అని నవ్వేవాళ్ళుంటారు. నవ్వండి. నాకు తల్లి లేదు. ఈ ఇంటికి వచ్చేనాటికి నాకు టీ పెట్టడం కూడా సరిగ్గా రాదు. ‘ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకుంటావా? వెళ్ళి కారు నేర్చుకో’ అని నన్ను బయటికి తోలింది ఈవిడే. గర్భసంచిలో గడ్డలు పెరిగి, నెలలో సగం రోజులు రక్తం పోతూ, కారు సీటు మీద పాత తువ్వాళ్ళు పరుచుకుని పాఠాలు చెప్పిన రోజుల్లో, నేను లేచేలోపే ఆ తువ్వాళ్ళు ఉతికి ఆరేసింది ఈవిడే. ఆ మనిషి నాతో మాట్లాడకపోతే ఆపరేషను ఎంత బాగా జరిగి ఏం సుఖం? నడిచి ఇంటికి వస్తే, నన్ను కళ్ళారా చూస్తే, నోరు విప్పుతుందని ఆశ పెట్టుకున్నాను. పొద్దున మత్తు ఇస్తున్నప్పుడు కూడా నా మనసులో ఉన్నది అదే.

“ఎందుకేమిటి నానమ్మా, బాగుందని పంపించారు,” అంది మా అమ్మాయి.

“బాగుంటే ఎందుకు పంపిస్తారు? ఏదో తేడా చేసి ఉంటారు. తమ మీద పడకుండా వదిలించుకున్నారు.” కొడుకు వైపు తిరిగింది. “ఒరేయ్, వ్యాను వెనక్కి తిప్పు. తీసుకెళ్ళి అక్కడే పడుకోబెట్టు.”

మా ఆయన వ్యాను వైపు ఒకసారి, తల్లి వైపు ఒకసారి చూశాడు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది పాపం ఆయన పని. మంచం వీధిలో పెట్టిన నేరం నెత్తి మీద ఉంది కాబట్టి నా వైపు మాట్లాడే ధైర్యం లేదు, తల్లి వైపు మాట్లాడే ధైర్యం అంతకన్నా లేదు.

“అమ్మా, అక్కడ కూడా మంచం ఖాళీ చేసేశారే,” అన్నాడు చివరికి.

“మా అక్కకీ ఇదే ఆపరేషను!” అత్తయ్య గొంతు లేచింది. “పొట్ట ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కోశారు. నెలల తరబడి పక్క దిగలేదు. ఆ తరవాత నిటారుగా నిలబడలేదు మనిషి. చాకిరీ చేసింది నేను. నాకు తెలీదా? పొద్దున కోసి సాయంత్రం నడిపిస్తారట! చెప్పేవాడికి వినేవాడు లోకువ.”

“కోయలేదు నానమ్మా. చిన్న చిన్న గాట్లు పెట్టి, లోపలికి కెమెరా పెట్టి, టీవీలో చూస్తూ చేశారు. పెద్ద కోత లేదు.”

“టీవీలోనా!”

“ఊరికే వదిలెయ్యలేదు కూడా. నీళ్ళు తాగించారు, కక్కుకుంటుందేమో అని చూశారు. వరండాలో నడిపించారు. బాత్రూంకి వెళ్ళేదాకా గుమ్మం దాటనివ్వలేదు. అమ్మ వెళ్ళొచ్చానని చెప్తే నర్సు చప్పట్లు కొట్టింది, తెలుసా? నేను పరీక్ష పాసైనప్పుడు కూడా మన ఇంట్లో ఎవరూ అలా కొట్టలేదు.”

అత్తయ్య ఆగింది. ఏదో అడగబోయి మింగేసింది. “బాత్రూంకి... బాగానే వెళ్ళగలిగిందటా?” అంది కాసేపటికి.

“బాగానే వెళ్ళానని చెప్పవే,” అన్నాను నేను.

“బాగానే వెళ్ళిందట నానమ్మా,” అంది మా అమ్మాయి, ఇద్దరి మధ్యా నిలబడి.

ఇంట్లోకి అడుగుపెట్టాం. హాలంతా పాత దుప్పట్లు పరిచి ఉన్నాయి. కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. వంటగదిలో నిచ్చెన. మా పడగ్గది నాలుగు గోడలూ లేత ఆకుపచ్చగా, తడిగా మెరుస్తున్నాయి. రంగు అందంగానే ఉంది, అబద్ధమెందుకు. కానీ ఆ వాసన లోపలికి అడుగు వెయ్యనివ్వలేదు. గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను.

“ఇక్కడ పడుకోలేనండీ.”

“హాల్లో?” అన్నాడు మా ఆయన. హాల్లోనూ అదే వాసన.

ఇంట్లో బ్రష్షు పడని గది ఒక్కటే ఉంది. అత్తయ్య గది. కొడుకు డబ్బా పట్టుకుని గుమ్మంలోకి వెళ్తే, ‘నా గోడలు ముట్టుకుంటే చేతులు విరగ్గొడతా’ అందట. ఆ గది తలుపు ఇప్పుడు మూసి ఉంది. మేం ముగ్గురం ఆ తలుపు వైపు చూశాం. తరవాత ఆవిడ వైపు చూశాం.

అత్తయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ, మనవరాలితో అంది: “నా గదికేం నేను తాళం వేసుకోలేదు.”

*

అత్తయ్య మంచం మీద నేను, పక్కన కుర్చీలో ఆవిడ, మా ఇద్దరి మధ్య స్టూలు మీద మా అమ్మాయి. బయట చీకటి పడబోతోంది. హాల్లో మా ఆయన మంచాన్ని లోపలికి లాగుతున్న చప్పుడు, దాంతోపాటు కుర్రాళ్ళని తిడుతున్న చప్పుడు.

అప్పుడు మొదలైంది విచారణ. ఆస్పత్రిలో వచ్చేముందు ఓ అమ్మాయి నా దగ్గర కూర్చుని, మా సేవ ఎలా ఉంది, నచ్చిందా లేదా అని అడిగి వెళ్ళింది. మా అత్తయ్య ముందు ఆ అమ్మాయి ఎందుకూ పనికిరాదు.

“నొప్పి ఎక్కడుందో అడుగు.”

“బొడ్డు దగ్గర కొంచెం లాగుతోందని చెప్పు.”

“కొంచెమంటే? పంటి నొప్పంతా? పురిటి నొప్పంతా?”

“పురిటి నొప్పి ముందు ఇదొక లెక్కా అని చెప్పు.”

“లేస్తే తల తిరుగుతోందా? దగ్గితే పట్టేస్తోందా? కింద బరువుగా ఉందా, తేలిగ్గా ఉందా?”

“నానమ్మా, నువ్వు ఒక్కొక్కటే అడుగు. నేనింకా మొదటిదే అందించలేదు.”

“మళ్ళీ చేయించుకోవలసివస్తే ఆస్పత్రిలో ఉంటానంటుందా, ఇంటికొచ్చేస్తానంటుందా? అది కనుక్కో ముందు.”

“మళ్ళీ ఎందుకు చేయించుకుంటుంది? ఉన్నది ఒక్కటే, అది తీసేశారుగా!”

“అడగమన్నది అడుగు.”

నేను ఆవిడ మొహం చూస్తూనే చెప్పాను. “ఇంటికే వచ్చేస్తానని చెప్పు. అక్కడ ఎంత బాగా చూసినా అక్కడ నాకు నిద్ర పట్టదు. ఇక్కడ మా వాళ్ళ మధ్యలో ఉంటాను. తిట్టేవాళ్ళున్నా సరే, మాట్లాడనివాళ్ళున్నా సరే.”

మా అమ్మాయి అంతా పొల్లుపోకుండా అందించింది. ఆఖరి మాటతో సహా. అత్తయ్య దుప్పటి అంచు సవరించింది, సవరించిన అంచునే మళ్ళీ సవరించింది. ఇప్పుడు పలుకుతుంది, ఇప్పుడు పలుకుతుంది అనుకున్నాను. పలకలేదు.

పలికి ఉండేదేమో. సరిగ్గా అప్పుడే నా కుడి భుజంలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది.

“అబ్బా!”

“ఏమైంది?” అంటూ ఆవిడ కుర్చీలోంచి లేచింది.

“భుజం... భుజం నొప్పి.”

“భుజమా!” ఆవిడ మొహం పాలిపోయింది. “పొట్టలో ఆపరేషను చేస్తే భుజం ఎందుకు నొప్పెడుతుంది? నేను చెప్పానా! నేను ముందే చెప్పానా! ఒరేయ్, ఎక్కడ చచ్చావురా, వ్యాను తియ్యి!”

మా ఆయన ఒక చేత్తో ఊడదీసిన మంచం కోడు పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నిజం చెప్పొద్దూ, నాకూ భయం వేసింది. ఆవిడన్నదే నిజమేమో, తొందరపడి వచ్చేశానేమో, ఇక జన్మలో ఈవిడ నన్ను క్షమించదేమో అని ఒక్క క్షణంలో నా మనసు ఎక్కడెక్కడికో పోయింది.

మా అమ్మాయి మాత్రం అప్పటికే నా ఫోనులోంచి ఆస్పత్రికి కలిపింది. అందరికీ వినపడేలా పెట్టింది. సాయంత్రం చప్పట్లు కొట్టిన నర్సే.

“కుడి భుజమా? పైన, మెడకి దగ్గరగానా?” అంది నర్సు నింపాదిగా. “ఊపిరి బాగా ఆడుతోందా? ఛాతీలో నొప్పి ఉందా?”

“ఊపిరి బాగానే ఉంది. ఛాతీలో ఏం లేదు,” అన్నాను.

“రక్తం ఎక్కువ పోతోందా? జ్వరం, వణుకు?”

“లేవు.”

“అయితే కంగారుపడకండి. లోపల కనపడ్డానికి పొట్టలోకి గాలి నింపుతాంగా, అందులో కొంచెం మిగిలిపోయి పైకి తంతుంది. అది భుజంలో తెలుస్తుంది. చాలామందికి వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. నొప్పి మాత్ర వేసుకుని, ఇంట్లోనే నెమ్మదిగా అటూ ఇటూ నడవండి. ఊపిరి ఇబ్బందైనా, రక్తం ఎక్కువైనా, జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా మాత్రం ఆలోచించకుండా వచ్చెయ్యండి. ఇంట్లో పెద్దవాళ్ళున్నారా?”

మా అమ్మాయి నానమ్మ వైపు చూసింది. “ఉన్నారండీ. బాగా ఉన్నారు.”

నేను నడవడం మొదలుపెట్టాను. రంగు డబ్బాల మధ్య, పరిచిన దుప్పట్ల మీద, కిటికీలన్నీ బార్లా తెరిపించి. నాలుగడుగులు వేశానో లేదో, నా ఎడమ మోచేతి కింద ఒక చెయ్యి వచ్చి చేరింది. అత్తయ్య గోడల వైపు చూస్తూ నాతో నడిచింది. ఆ చివరికి వెళ్ళి తిరిగాం, ఈ చివరికి వచ్చి తిరిగాం. ఆవిడే ముందు అలిసిపోయింది. నిచ్చెన పట్టుకుని ఆగి, పెదవి బిగించి, కాసేపు కళ్ళు మూసుకుంది.

“పొద్దున ఆపరేషనయింది నాకు. మీకేమైంది?” అన్నాను నేరుగానే.

ఆవిడ మనవరాలి కోసం చూసింది. మనవరాలు వంటగదిలో పాలు వేడిచేస్తోంది. మళ్ళీ నా మోచెయ్యి పట్టుకుంది.

*

తెల్లవారేసరికి భుజం చాలావరకు సర్దుకుంది. అత్తయ్య కుర్చీలోనే కునుకు తీసినట్టుంది, జుట్టు ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది.

మా అమ్మాయి పుస్తకాలు సర్దుకుని గుమ్మంలో నిలబడింది. “నేను కాలేజీకి పోతున్నా. మీ ఇద్దరూ ఏమైనా చెప్పుకోవాలంటే ఇప్పుడే చెప్పుకోండి. సాయంత్రం దాకా పోస్టు మూత.”

అది భుజాలెగరేసి వెళ్ళిపోయింది. హాల్లో మా ఆయన బ్రష్షు చప్పుడు తప్ప ఇల్లంతా నిశ్శబ్దం. నేను కప్పు కేసి చూస్తున్నాను. ఆవిడ నా కేసి చూస్తోంది. ఇలా సాయంత్రం దాకా ఎలా గడుస్తుందిరా దేవుడా అనుకున్నాను.

ఆవిడ లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

“నీ కుట్లు చూపించు,” అంది.

నెల రోజుల తరవాత నాతో ఆవిడన్న మొదటి మాట. నేను వెంటనే కదల్లేకపోయాను. “నిన్నే. చెవుల్లో కూడా గాలి నింపారా?” అంది. అదీ మా అత్తయ్య!

చొక్కా పైకి లాగి చూపించాను. బొడ్డు దగ్గర ఒకటి, అటూ ఇటూ పక్కల్లో చిన్నవి. ఒక్కోదాని మీద వేలెడంత పట్టీ. ఆవిడ వంగి చూసింది, ఇంకా దగ్గరికి వంగి చూసింది. ఒక పట్టీ పక్కన చర్మాన్ని వేలితో తాకీ తాకనట్టు తాకింది.

“ఇంతేనా?”

“ఇంతే అత్తయ్యా.”

“ఇందులోంచేనా తీసింది?”

“కాదు. పైనుంచి విడదీసి, కిందనుంచి తీశారట. కాన్పు జరిగే దారినే.”

ఆవిడ కుర్చీలో కూర్చుంది. కూర్చోవడం కూడా ఒక పక్కకి ఒరిగి, జాగ్రత్తగా, ముళ్ళ మీద కూర్చున్నట్టు. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు నా వైపు చూడకుండా అడిగింది.

“నాకూ చేస్తారా?”

నాకు అర్థం కాలేదు. “మీకేం చేస్తారు?”

“నా సంచి కిందికి జారిపోయిందే. ఎప్పుడో. నీ పెళ్ళి కాకముందు నుంచీ ఉంది, కొంచెం కొంచెంగా. ఇప్పుడు నడిస్తే బయటికి వచ్చేస్తోంది. గుడ్డ బిగించి కట్టుకుని తిరుగుతున్నా. మూత్రానికి పోతే రాదు, రాకూడని చోట వచ్చేస్తుంది. నలుగురిలో కూర్చోలేను, బస్సెక్కలేను. అందుకే ఎక్కడికీ రావట్లేదు. మీరంతా మొండిదనుకున్నారు. మంచిదేలే, అదే అనుకోనీ అనుకున్నా.”

నాకు ముందు కోపం వచ్చింది. నిజంగా, ఒళ్ళు మండిపోయింది. “ఇన్నేళ్ళా? ఇన్నేళ్ళ నుంచి మోస్తూ తిరుగుతున్నారా? నా తువ్వాళ్ళు ఉతికారు గానీ మీ సంగతి నాకొక్క మాట చెప్పలేకపోయారా? నేనెవరినండీ ఈ ఇంట్లో? రంగు డబ్బానా?”

“అరవకు, కుట్లు పట్టేస్తాయి.”

“పట్టెయ్యనీండి!”

“చెప్తే ఆస్పత్రికి తీసుకెళ్ళేదానివి. తీసుకెళ్తే కోస్తామనేవాళ్ళు. మా అక్కని చూశాక నాకు ధైర్యం ఎక్కడిదే?” ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంది. “నువ్వు చేయించుకుంటానంటే నా ప్రాణం పోయింది. నీక్కూడా మా అక్కలా అవుతుందేమోనని భయం. ఇంకో పక్క, పాడు మనసు, ఇది బాగా వస్తే నేనూ అడగొచ్చు కదా అని ఆశ. నీతో మాట్లాడితే ఈ రెండూ నోట్లోంచి జారిపడతాయి. అందుకే మూసుకున్నా.”

“నిన్న అడిగినవన్నీ మీ కోసమా? బరువుగా ఉందా, తేలిగ్గా ఉందా, మళ్ళీ అయితే ఇంటికొస్తావా...”

“మరి? నీకు మళ్ళీ ఎందుకు చేస్తారు, బుద్ధిలేకపోతే సరి!”

నవ్వు వచ్చింది. నవ్వుతో పాటు ఏడుపూ వచ్చింది. నవ్వు కన్నా ఏడుపు కుట్లకి నయమని అప్పుడే తెలిసింది నాకు. ఆవిడ చెయ్యి పట్టుకుని మంచం మీదికి లాగాను. మా ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఆవిడ ఏడవలేదు. నా కళ్ళు తుడిచి, తుడిచిన చెయ్యి దుప్పటికి రాసుకుంది.

“చేస్తారా చెప్పు,” అంది మళ్ళీ.

“మీకు ఏది మంచిదో చూస్తే గానీ చెప్పలేరు అత్తయ్యా. నాదీ మీదీ ఒకటి కాదు. వయసూ చూస్తారు. కోత లేకుండా లోపల రింగులాంటిది పెట్టి నిలబెట్టడం కూడా ఉందట, అక్కడ ఒకావిడ చెప్పింది. ముందు చూపించుకుందాం. నేను మీ పక్కనే ఉంటా.”

“నువ్వు కారు నడపకూడదుగా ఇప్పుడు.”

“మీ అబ్బాయి నడుపుతాడు.”

ఆవిడ బిగుసుకుపోయింది. “వాడికి చెప్పావంటే చూడు! కొడుక్కి చెప్పుకునే మాటటే ఇది? ఒట్టెయ్. వాడికి తెలియకూడదు.”

“మరి ఎలా వెళ్తాం? గాల్లో ఎగిరా?”

“అదంతా నాకు తెలీదు. ఒట్టెయ్.”

వేశాను. ఏం చేస్తాను? మాట కలిసి ఇంకా అర్ధగంట కాలేదు. ఒట్టు వేసి, ఆవిడ మనసు మారేలోపే ఫోను తీసుకుని ఆస్పత్రికి కలిపాను. మా అమ్మాయి ఎలా పెట్టిందో అలాగే ఉంది ఫోను, గదంతా వినపడేలా. అది చూసుకోవాలని నాకు తట్టలేదు.

“చెప్పండమ్మా,” అంది నర్సు హుషారుగా. “భుజం నొప్పి తగ్గిందా? పేషెంటు ఎలా ఉంది?”

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య నా చేతిలోంచి ఫోను లాక్కుంది. ఇన్నేళ్ళ భయమూ ఆ ఒక్క గొంతులోకి తెచ్చుకుని, పొరుగు వీధికి వినపడేటట్టు అంది.

“ఏ పేషెంటమ్మా? ఇక్కడ ఇద్దరం ఉన్నాం.”

మోచేత్తో తలుపు తోసుకుని, రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులతో మా ఆయన అప్పుడే లోపలికి అడుగుపెట్టాడు. పెట్టి, అక్కడే ఆగిపోయాడు.

“ఇద్దరా? రెండో ఆవిడ ఎవరండీ?” అంది ఫోన్లోంచి నర్సు.

ఆయన తల్లి వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ తల్లి వైపు చూశాడు.

“అవునమ్మా,” అన్నాడు. “రెండో ఆవిడ ఎవరు?”